పళ్లు లేని పొట్ట

పని సగం చేసి, "ఎవరు చూడొచ్చారులే" అని చేతులు దులుపుకునేవాడా, పక్కవాడి వైపు చూడకు. నిన్నే అంటున్నాను. కూర్చుని విను.

అనగనగా, ఊరికి దూరంగా మిరప చేల మధ్య ఒక ఇల్లు. అందులో చెంగప్ప అనే రైతు, అతని భార్య ఓబులమ్మ, ఒక ముసలి గేదె ఉండేవారు. కట్టెల పొగకు ఓబులమ్మ కళ్లు మసకబారాయి. "ఇంకా పొగ తగిలితే చూపు దక్కదు" అన్నాడు వైద్యుడు.

అందుకని చెంగప్ప పెరట్లో గోబర్ గ్యాస్ గుంట కట్టించాడు. పొయ్యిలో నీలి మంట వెలిగింది. చాలా కాలానికి ఓబులమ్మ కళ్లు తుడుచుకోకుండా అన్నం వండింది.

గుంటకు రోజూ మేత కావాలి. పేడలో రాళ్లు ఏరి, నీళ్లు పోసి జావలా కలపాలి. గడ్డి వేస్తే సన్నగా నరికి, నానబెట్టి వేయాలి. కొన్నాళ్లు చెంగప్ప అలాగే చేశాడు. తరువాత బద్ధకం పట్టుకుంది.

మొదట వరిగడ్డిని నరక్కుండా మోపుగా తోసేశాడు.

గేదె తల ఎత్తింది. "చెంగప్పా, పళ్లున్న నేనే గడ్డిని నెమరు వేసుకుంటాను. ఆ గుంటకు పొట్టే ఉంది, పళ్లు లేవు. నీ కొడవలే దాని పళ్లు."

"పాలు ఎండినా నీకు నోరు ఎండలేదే!" అని నవ్వాడు చెంగప్ప.

గడ్డి పైకి తేలి అట్ట కట్టింది. మంట పొట్టిదైంది.

ఆపైన రాళ్లు ఏరడం మానేశాడు. కొట్టంలో పేడను మట్టితో సహా ఊడ్చి పోశాడు.

"నా నోట్లో రాయి పడితే ఉమ్మేస్తాను. ఆ గుంటకు ఉమ్మడం రాదు" అంది గేదె.

"నీ మేత నువ్వు మెయ్యి!"

మట్టి గుంట అడుగున పేరుకుంది. మంట వణికింది.

"ఏమయ్యా, మెతుకు ఉడకడం లేదు. గుంటకు సరిగ్గా పెడుతున్నావా?" అని అడిగింది ఓబులమ్మ.

"పెట్టక? నాకంటే దానికే ఎక్కువ పెడుతున్నాను" అన్నాడు మొహం తిప్పుకొని.

చివరికి మిరప కోతలు అయిపోయాయి. పురుగుమందు కొట్టిన చెట్లు పీకి తెస్తుంటే గేదె మూతి చాచింది. "ఒసే, తింటే చస్తావు!" అని కర్రతో అదిలించాడు. ఆ మోపునే గుంటలో వేశాడు.

"నన్ను చంపేది దాన్ని బతికిస్తుందా?" అంది గేదె.

చెంగప్ప చేతులు దులుపుకుని ఇంట్లోకి పోయాడు.

గుంట చచ్చింది. పొయ్యి మీట తిప్పితే చప్పుడు కూడా రాలేదు. గుంట తోడి శుభ్రం చేయవచ్చు. కానీ తోడితే గడ్డి, రాళ్లు, మిరపకట్టె అన్నీ భార్య కళ్ల ముందు పడతాయి. ఆ సిగ్గుకు వెరచి ఊరుకున్నాడు. ముసురు పట్టింది. ఓబులమ్మ తడి కట్టెలు ఊదుతూ వండింది. ఇల్లంతా పొగ.

వాన వెలిసిన రోజు ఆమె అంది: "ఏమయ్యా, ఇంకా దీపం పెట్టలేదేం?"

అప్పుడు మిట్టమధ్యాహ్నం.

చెంగప్ప గుంట తోడాడు. దాచినదంతా గట్టు మీద కుప్ప పడింది. చూడవలసిన కళ్లు మాత్రం లేవు. ఇప్పుడు గడ్డిని సన్నగా నరుకుతాడు, ప్రతి రాయీ ఏరుతాడు. మంట తిరిగి వచ్చింది.

ఓబులమ్మ పొయ్యి పక్కన కూర్చుని రోజూ అడుగుతుంది: "వెలిగిందా? ఎలా ఉంది?"

"నీలంగా ఉందే" అని రోజూ చెప్పాలి చెంగప్ప.

దొంగచాటుగా వదిలేసిన పనికి నమ్మినవాళ్లు చీకట్లో పడతారు. వదిలినవాడు అది చూస్తూ బతకాలి.