చారలమ్మ చేలో ఎర్ర పలుకులు

అనగనగా ఒక నల్లరేగడి అడవి. కార్తీకం వెళ్లిన మూడో రోజు, ఉదయం ఆరుంపావుకి, చారలమ్మ అనే ఉడుత వేపపుల్లతో పళ్లు తోముకుంటూ తన చేనుకు వచ్చింది. ఆ రోజే గోధుమలు విత్తాలి. ముగ్గురు పిల్లలతో వేసవి గడవాలంటే పదిహేడు బుట్టల గింజలు కావాలి.

దున్నిన చేలో ఎవరో ఉన్నారు. పక్క చేను ముళ్ళపంది, కంపయ్య. బస్తాలోంచి ఎర్రటి పలుకులు తీసి చల్లుతున్నాడు.

"ఏం మామా, నా చేలో నీకేం పని?"

కంపయ్య ఉలిక్కిపడ్డాడు. "పొటాష్ ఎరువు, కోడలా. కాడ గట్టిపడుతుంది, గింజ నిండుతుంది."

"నన్ను అడక్కుండానా?"

"అడిగితే వద్దంటావని..."

"నిరుడు జానెడు గట్టు కోసం తగువాడినవాడివి, ఇవాళ ఊరికే ఎరువేస్తావా? నీ ముళ్లకన్నా నీ మంచితనమే ఎక్కువ గుచ్చుకుంటోంది. నడు!"

కంపయ్య బస్తా ఎత్తుకుని వెళ్లిపోయాడు. అప్పటికి పన్నెండు సాళ్లకే చల్లాడు. మిగిలినవి అరవై.

చారలమ్మ చేనంతా విత్తింది. యూరియా వేసింది. ఇరవయ్యో రోజు చూసింది. అన్ని సాళ్లూ ఒకే పచ్చన. "ఎరువైతే ఆకు చెప్పదూ?" అనుకుంది. నలభయ్యో రోజూ తేడా లేదు. "ఉప్పో, కారమో చల్లాడు. నయం, తరిమేశాను."

గింజ పాలు పోసుకునే వేళ గాలివాన కొట్టింది. తెల్లారి చూస్తే అరవై సాళ్లూ నేలకొరిగాయి. ఆ పన్నెండు మాత్రం నిలబడి ఉన్నాయి.

"దొంగచాటుగా వచ్చి కర్రలు పాతాడేమో!" చారలమ్మ ఒక్కొక్క మొదలూ తడిమింది. కర్రలు లేవు.

కోతలయ్యాయి. పన్నెండు సాళ్లలో మూడు బుట్టలు, నిండు గింజ. అరవై సాళ్లలో పదకొండే. అందులోనూ నొక్కు గింజలే ఎక్కువ. పళ్ల కింద పొట్టే తగిలింది.

"కంపయ్య తన చేనంతా ఆ పలుకులే వేసుకుని ఎంత పండించాడో!" అనుకుంది చారలమ్మ, ఇంకా అనుమానంగానే.

తొమ్మిది రోజుల తర్వాత చేను తవ్వుతుంటే ఒక వానపాము పైకొచ్చింది. చారలమ్మ అదే మాట అడిగింది.

"కంపయ్య తన చేలో పలుకు కూడా వేయలేదమ్మా," అంది వానపాము. "విత్తే ముందు నాచేత రెండు చేల మట్టీ రుచి చూపించాడు. ఆయన నేలలో పొటాష్ సరిపడా ఉంది. లోటు నీ నేలలోనే. ఆ బస్తా మొత్తం నీకోసమే తెచ్చాడు."

నీతి: అనుమానం రావడం తప్పు కాదు, ఆరా తీయకుండా తరిమేయడం తప్పు.