నూరడుగుల గీత

సోమేశం మాస్టారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనిలో పెట్టేవారు. బొబ్బిలిలో ఆయన దగ్గర కలన గణితం నేర్చుకున్నవాళ్లంతా ఈ బాధ పడ్డవాళ్లే.

గౌరునాయుడు ఆయన శిష్యుల్లో పాతవాడు. మాస్టారికి గొంతు పాడై, సాయంత్రం తరగతిని ఎవరికైనా అప్పగించాలనుకుంటున్నారని తెలిసిననాడే అది తనదని మనసులో రాసేసుకున్నాడు. హైమవతి వచ్చి ఏడాదే అయింది. కోణాలూ వేగాలూ ముడిపడ్డ లెక్కలు ఆమెకు మంచినీళ్లు తాగినంత సులువు. అది చూసి నాయుడు కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. తన పుస్తకం మూసేసి, ఆమె ఎన్ని లెక్కలు చేసింది, ఎవరు మెచ్చుకున్నారు అని ఆరా తీయడమే చదువుగా పెట్టుకున్నాడు. అసూయ ఎవరికి లేదు గనక. నాయుడికి మాత్రం వేరే పనే లేకుండా పోయింది.

చివరికి ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు. "మాస్టారూ, నేనొచ్చి ఆరేళ్లయింది. ఆ పిల్ల నిన్నగాక మొన్నొచ్చింది. అదంత జోరుగా పైకెళ్లిపోతందేటి? నాకేటి తక్కువ?"

మాస్టారు మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ కాలేజీ మైదానానికి తీసుకెళ్లారు. గాలి ఊసే లేదు. దారం కట్టిన గ్యాసు బుడగ పట్టుకుని తాను ఒకచోట నిలబడ్డారు. అక్కణ్ణించి నూరడుగుల దూరంలో సున్నంతో గీత గీయించి, దాని మీద ఇద్దర్నీ నిలబెట్టారు. కోణమానినికి గొట్టం అతికించి తలొకటి ఇచ్చారు. బుడగను గొట్టంలోంచి చూస్తూ నిమిషానికోసారి కోణం రాసుకోవాలి. అయిదో నిమిషం దగ్గర అది ఎంత వేగంతో లేస్తోందో లెక్క కట్టాలి.

బుడగ లేచింది. హైమవతి కన్నా బాగా చూడాలన్న ఆత్రం నాయుణ్ణి నిలబడనివ్వలేదు. కోణం గీకడానికి తప్ప గొట్టం నుంచి కన్ను తీయకుండా, ఒక్కో అడుగూ ముందుకు వేసుకుంటూ పోయాడు. ఆ సంగతి అతనికే తెలియదు; దగ్గరయ్యేకొద్దీ కోణం మాత్రం ఇంకా జోరుగా పెరిగింది.

ఆరు నిమిషాలయ్యాక ఇద్దరూ లెక్క కట్టారు. నిమిషానికి ఇరవై అడుగులని హైమవతి చెప్పింది.

నాయుడు నవ్వాడు. "ఇరవయ్యేటి? ఎనభై. నా లెక్క సూడండి మాస్టారూ."

మాస్టారు వరసవరసా చూశారు. కోణాలు సరిగ్గానే ఉన్నాయి, సూత్రమూ తప్పలేదు. మొదటి వరసలోనే ఉంది అసలు సంగతి: దూరం నూరు, అది మారదు, దాని మార్పు సున్నా.

"దారం వదిలింది నేను," అన్నారాయన. "అడుక్కో ముడి వేశాను. నిమిషానికి ఇరవై ముళ్లు."

నాయుడు వెనక్కి చూశాడు. గీత అరవై అడుగుల వెనక ఉంది. హైమవతి ఇంకా దాని మీదే నిలబడి ఉంది. అతని ముఖం మాడిపోయింది.

"మరి తరగతి మాస్టారూ?" అన్నాడు మెల్లిగా.

"అది రేపట్నుంచి హైమవతిదే." మాస్టారు దారం చుట్టుకుంటూ అన్నారు. "లేచింది ఇరవయ్యే, నాయుడూ. మిగతా అరవై నీ నడక."