బుల్లెమ్మ అలక

కోతలైపోయిన వరిచేలల్లో బాతుల్ని మేపుతూ ఊరూరూ తిరిగే కృపావరం మందలో బుల్లెమ్మంత బుద్ధిమంతురాలు ఇంకొకటి లేదు. ఈ మాట మంద అన్నది కాదు, బుల్లెమ్మే అన్నది. పొద్దున్నే అందరికంటే ముందు చేలోకి దిగేది, సాయంత్రం అందరికంటే ముందు వల కట్టిన దడిలోకి దూరేది, మధ్యలో తీరిక దొరికితే మిగతా బాతుల నడక బాగోలేదని చెప్పేది.

నూకాలు సంగతి వేరు. నత్త కనిపిస్తే చాలు, మందేమిటో దారేమిటో మరిచిపోయే రకం. ఆ సాయంత్రం కూడా కనబడలేదు. కృపావరం అన్నం గిన్నె పక్కన పెట్టి, కర్ర పట్టుకుని, "దా దా దా, నూకాలూ!" అని అరుస్తూ కాలవగట్టు వెంట పోయాడు.

బుల్లెమ్మకి ఒళ్లు మండింది.

"చూశారా! తిన్నగా ఉన్నవాళ్లని పలకరించే దిక్కు లేదు. దేశదిమ్మరులకి మాత్రం మేళతాళాలు!"

"పోనీలే అత్తా, పాపం పిల్ల," అంది పక్క బాతు.

"పాపమా? నేనూ పోతాను. అప్పుడు తెలుస్తుంది బుల్లెమ్మంటే ఏమిటో."

వల వదులుగా ఉన్నచోట దూరి బయటపడి, దడి వెనకే తుంగలో కూర్చుంది. మరీ దూరం పోతే వెతికేవాళ్లకి ఇబ్బంది కదా!

అక్కడికి నక్క వచ్చింది. దడి పక్కనే నోట కరిస్తే మందంతా గోల పెడుతుందని, మర్యాదగా కూర్చుంది.

"భయపడకండి అక్కయ్యగారూ. మీలాంటి పెద్దమనిషికి జరిగిన అన్యాయం చూసి కడుపు తరుక్కుపోయింది."

"మా ఇంటి గొడవ నీకెందుకయ్యా?" అంటూనే బుల్లెమ్మ మెత్తబడింది.

"ఇంత దగ్గర కూర్చుంటే అలిగారని ఎవరనుకుంటారు? కాలవ వంపు దాకా రండి. మీ విలువ తెలిసొస్తుంది."

పొగడ్త విని చాన్నాళ్లయింది. బుల్లెమ్మ నక్క వెనకాలే నడిచింది, బుద్ధిమంతురాలు కదా.

వంపు దగ్గరికి చేరేసరికి వెనకనుంచి "దా దా దా, బుల్లెమ్మా!" అని వినిపించింది. నూకాలుని చంకన పెట్టుకొచ్చిన కృపావరం, దడిలో బుల్లెమ్మ లేదని చూసి, ఆ కాళ్లతోనే మళ్లీ బయల్దేరాడు.

బుల్లెమ్మ నోరు తెరవబోయింది.

"ఛ, ఛ! మొదటి పిలుపుకే పలికితే పరువేముంటుంది?" అంది నక్క. "కాసేపు అరుస్తాడు, విసుగొచ్చి పోతాడు. అప్పుడు మనం తీరిగ్గా..." అని పెదాలు నాక్కుంది.

అప్పుడర్థమైంది బుల్లెమ్మకి. ఇప్పుడు పలకాలన్నా భయంతో పలుకు రాలేదు.

కృపావరం విసుక్కోలేదు. పిలిచాడు, మళ్లీ పిలిచాడు, బురదలో జారిపడి లేచి పిలిచాడు. నక్క కాచుకుని కాచుకుని నీరసపడింది. "వీడేం మనిషి! ఒక్క బాతు కోసం ఇంత అవసరమా?" అని గొణుగుతుండగానే వీపు మీద కర్ర పడింది. ఈక కూడా దక్కకుండా పారిపోయింది.

కృపావరం బురద చేతులతోనే బుల్లెమ్మని ఎత్తి రెండో చంకన పెట్టుకున్నాడు. "వచ్చావా తల్లీ," అన్నాడు బొంగురు గొంతుతో, అంతదూరం వచ్చింది తనే అయినా.

అవతలి చంకలోంచి నూకాలు తల బయటపెట్టింది. "ఏం అత్తా, నువ్వు కూడానా?"

"నేనేం తప్పిపోలేదే. అలిగానంతే."

"ఆఁ, మొదట్లో నేనూ అలాగే చెప్పేదాన్ని."

బుల్లెమ్మ తల ఇంకాస్త లోపలికి దూర్చుకుంది. ఆ చంకలో వెచ్చగా ఉంది, ఏడుపొచ్చింది.

నీతి: దడి వెనకాల అలిగి కూర్చున్నా తప్పిపోయినట్టే, దేవుడు మాత్రం కృపావరంలాగే దగ్గరా దూరమా అని చూడడు, దొరికేదాకా వెతుకుతాడు.