గువ్వన్న చూశాడు

ఇది ఎప్పటి మాటో చెప్పలేం. మీ ముత్తాతలకు అప్పటికింకా మీసాలు మొలవలేదు, అంతే తెలుసు.

ఆ కాలంలో మూడు లోకాల్లో ఎక్కడా లేనంత గొప్ప చెడుగుడు ఆటగాళ్ళు ఒకచోట ఉండేవారు. మూడు లోకాలంటే మరేం లేదు: పెద్దూరు, మిట్టూరు, ఏటవతలూరు. నాలుగో ఊరితో వాళ్ళెన్నడూ ఆడలేదు. ఓడిపోతామని భయం.

ఏడాదికొకసారి ఏరు ఎండి ఇసుక తేలగానే మూడూళ్ళూ అక్కడ చేరేవి. మూడు రోజులు ఆట. ఆట అయ్యాక మూడూళ్ళ పెద్దలు కూర్చుని ఒకడికి ఎర్రకండువా కప్పేవాళ్ళు. గెలిచినవాడికి కాదు, ధర్మంగా ఆడినవాడికి. ఆ ఒక్కడెవడో తేల్చడానికి ఇంకో మూడు రోజులు. ఆటలో విరగని కాళ్ళు కూడా ఆ వాదనలో విరిగేవి.

పెద్దూళ్ళో గువ్వన్న అని సున్నం కాల్చేవాడొకడుండేవాడు. ఇసుకలో గీతలకు సున్నం ఆయనదే. ఆటలోకీ దిగేవాడు. బాగానే ఆడేవాడు గానీ, ఆయనకొక జబ్బుండేది. కూతకొచ్చినవాడి వేలు గోచీ అంచుకు తగిలినా సరే, ఎవరూ చూడకపోయినా సరే, తనంతట తానే చెయ్యెత్తి "తగిలింది" అనేసి గీత దాటి పోయి కూర్చునేవాడు.

ఇంటికొస్తే పెళ్ళాం చెన్నమ్మ గుమ్మంలోనే పట్టుకునేది.

"ఎవడన్నా చూసినాడా?"

"లేదు."

"తాకినోడికన్నా తెలిసిందా?"

"లేదు."

"మరెందుకు చెయ్యెత్తినావయ్యా నా తండ్రీ!"

"తగిలింది గదా చెన్నీ."

అది ఒక జబ్బు. రెండోది, ఆటకు ముందు చేతులు కడిగిందే కడిగేవాడు. "ఆ సున్నం అట్లే ఉండనీ! నువ్వు పట్టినోని కాలు తెల్లగయితాది. ఊరంతా చూస్తాది" అని చెన్నమ్మ నెత్తీనోరూ కొట్టుకునేది. "పాపం, కంట్లో పడితే మంట పుడ్తాది" అనేవాడు.

మూడో జబ్బు ముదిరిన జబ్బు. తన తప్పు చెప్పేవాడేగాని, పక్కవాడి తప్పు చెప్పేవాడు కాదు. ఎందుకు చెప్పవంటే, "వానికి తెలుసు గదా. వాడే చెప్తాడ్లే" అనేవాడు.

ఎవడూ చెప్పలేదు. పెద్దూరు ఏటేటా ఓడింది. జనం ఆయనకు 'ఓడగొట్టే గువ్వడు' అని పేరు పెట్టారు. ఒక ఏడు వానల్లో జ్వరమొచ్చి గువ్వన్న పోయాడు. దినం నాడు వచ్చినవాళ్ళు వడలు నములుతూ, "మంచోడేలే పాపం. కానీ మనల్ని ఎన్నిసార్లు ఓడగొట్టినాడప్పా!" అనుకున్నారు.

వడ్డిస్తున్న చెన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో తానెన్ని తిట్టినా అది వేరు. పోయినవాడి మీద ఊరు ఆ పేరు మోపడం వేరు. ఆ పేరొక్కటి ఆయన మీదినుంచి దించాలి. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

వానలు పోయి మళ్ళీ ఏరు ఎండింది, ఆట కూడా ముగిసింది. పెద్దలు ఇసుకలో పందిరి కింద కూర్చున్నారు. వాళ్ళకు మజ్జిగ పోసే వంతు చెన్నమ్మకు పడింది.

మొదటిరోజు పెద్దూరు గంగులప్ప తొడగొట్టాడు. "కండువా మా ఓబులేసుకే! కింద పడినోణ్ణి చెయ్యిచ్చి లేపినాడు."

"పడేసిందెవరు?" అన్నాడు మిట్టూరు తిమ్మప్ప.

"వాడేలే. లేపినాడా లేదా?"

చెన్నమ్మ మజ్జిగ పోసి అడిగింది. "తేలిందా?"

"తేల్తాంది చెన్నమ్మా, తేల్తాంది!"

రెండోరోజు తిమ్మప్ప లేచాడు. "మా నల్లప్ప తన ముంతలో నీళ్ళు ఎదుటోనికిచ్చినాడు!"

"కాళ్ళు కడుక్కోగా మిగిలిన నీళ్ళు గదప్పా అవి!" అన్నాడు ఏటవతలూరు సంజన్న.

"తేలిందా?"

"తేల్తాంది చెన్నమ్మా, తేల్తాంది!"

మూడోరోజు సంజన్న వంతు. "మా భీముని నోట ఒక్క బూతు రాలా!"

"నోటినిండా ఆకూవక్కా ఉంటే బూతు యాడ పడ్తాదయ్యా?" అన్నాడు గంగులప్ప. సంజన్న పైపంచె విసిరికొట్టాడు. తిమ్మప్ప చెప్పులు వెతుక్కున్నాడు.

చెన్నమ్మ ఈసారి తేలిందా అని అడగలేదు. మజ్జిగకుండ దించి దాని మీద మూకుడు బోర్లించి, ఆ మూకుడు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఈ వాదన తెగేదాకా చుక్క పొయ్యను. ఆ ముగ్గుర్నీ పిలిపించండి. ఒకే మాట అడుగుతా."

ఎండ మండిపోతోంది. నాలుకలు పిడచకట్టుకుపోయాయి. పిలిపించక ఏం చేస్తారు? ముగ్గురూ వచ్చి వరసగా నిలబడ్డారు, ఛాతీలు విరుచుకుని.

"ఓబులేసూ, నువ్వెప్పుడన్నా నీ అంతట నువ్వు చెయ్యెత్తినావా?"

"తగిల్తే గదా వదినా ఎత్తేది!" అని నవ్వాడు ఓబులేసు.

"ఏటేటా నీ పక్కన నిలబడింది మీ గువ్వన్నే గదా. ఆయన ముందర కూడా ఇట్లనే నవ్వేవానివా?"

ఓబులేసు నవ్వు సగంలో ఆగింది. కాలితో ఇసుక కెలికాడు. చివరికి చెయ్యి పైకెత్తాడు.

"పోయినేడు నా మోచేతికి తగిలింది వదినా. నేను బయటికి పోలేదు. ఎవరూ చూళ్ళేదు. గువ్వన్న చూశాడు."

నల్లప్ప గొంతు సవరించుకున్నాడు. అతనూ చెయ్యెత్తాడు. "కూత మధ్యలో నేను దొంగగా ఊపిరి పీల్చినా. ఎవరూ చూళ్ళేదు. ఎదురుగా ఉన్న గువ్వన్న చూశాడు."

భీముడు నోట్లోది ఉమ్మేసి ముందుకొచ్చాడు. "నా కాలు గీత దాటింది. దాటిందని తెలీకుండా ఆ గీత కాలితో చెరిపేసినా. ఎవరూ చూళ్ళేదు. గువ్వన్న చూశాడు. ఆట ఆగినప్పుడు సున్నం తెచ్చి ఆ గీత మళ్ళా గీసినాడు. నన్ను చూసి నవ్వినాడు, అంతే. ఆ నవ్వు తల్చుకుంటే ఈ రోజుకీ ముద్ద దిగదు."

అప్పుడు చెన్నమ్మ మెల్లగా అంది.

"మరైతే మనల్ని ఓడగొట్టిందెవరప్పా?"

కండువా మాకొద్దంటే మాకొద్దని ఆటగాళ్ళు ముగ్గురూ వెనక్కి జరిగారు. అది గువ్వన్నదేనన్నారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారా? పెద్దలు ఊరుకుంటారా? "లేని భుజానికి ఎట్లా కప్పేది?" అని గంగులప్ప. "ఆయన సున్నం కాల్చిన బట్టీకి కప్పుదాం" అని తిమ్మప్ప. "కాలిపోతాది గదయ్యా, బుద్ధుందా?" అని సంజన్న. మళ్ళీ పంచెలు ఎగిరాయి. చెన్నమ్మ తల పట్టుకుంది. లేచి వాళ్ళ చేతుల్లోంచి కండువా లాక్కుని, ఒక కర్రకు కట్టి, నడిగీత మీద ఇసుకలో పాతింది.

"ఇంక కొట్టుకు చావండి" అని మూకుడు తీసి మజ్జిగ పోసింది.

ఆనాటినుంచి ఆ మూడూళ్ళలో చెడుగుడు ఆడితే నడిగీత మీద ఎర్రకండువా కర్ర నాటాకే కూత పెడతారు. తగిలినవాడు, ఎవరూ చూడకపోయినా, తనే చెయ్యెత్తి "గువ్వన్న చూశాడు" అని పోయి కూర్చుంటాడు. తాటిముంజలు పంచుకునే పిల్లలు కూడా, ఒకటెక్కువ నోట్లో వేసుకుంటే, ఆ మాటే అని ఉమ్మేస్తారు. ఓడగొట్టే గువ్వడు ఎవరని అడగండి, ఆ పక్క ఒక్కరికీ తెలీదు. పెద్దలు మాత్రం మారలేదు. కర్ర వేపదా తుమ్మదా అని ఏటేటా మూడు రోజులు కొట్టుకుంటూనే ఉన్నారు.

చెన్నమ్మ పండుముసలిదయ్యాక ఒకనాడు పిల్లలు చుట్టూ మూగారు.

"అవ్వా, నువ్వు కూడా తాత మాదిరేనా?"

ఆమె చాలాసేపు చీరకొంగు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"వానాకాలం బట్టీ వెలిగేది కాదురా. ఇద్దరమూ కూర్చుని చింతగింజల్తో వామనగుంటలు ఆడేవాళ్ళం. ఆయన ఒక్కనాడూ గెలవలా. 'మళ్ళా ఓడిపోయినా చెన్నీ' అనేవాడు."

"నీకంత బాగా వచ్చా అవ్వా?"

"యాడ! రోజూ గుప్పెడు గింజలు చీర మడతలో దాచేదాన్ని."

ముసల్ది సిగ్గుపడుతూ చెయ్యి పైకెత్తింది.

"ఆయన చూసినాడు."