కంబళి అవతలి చెయ్యి

పరీక్ష ముగిసిన సాయంత్రం నుంచి కొమ్మన ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నానికి పిలిస్తే లేవలేదు. మందులు నూరే సాలలో ఓ మూల గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తోటి శిష్యులు అతని ముందు ఏమనాలో తెలియక, రోలు చప్పుడు కూడా కాస్త తగ్గించి నూరుకున్నారు.

నల్లమల అంచున ఉన్న ఆ మఠంలో వైద్యం నేర్పేవారు. గురువు పేరు రేవణయ్య. ఆయన దగ్గర నాడి చూడటం నేర్చుకున్నవాడంటే చుట్టుపక్కల ఊళ్ళలో నమ్మకం ఉండేది. ఏటా వానలు వెనకబట్టాక వేరే మఠాల నుంచి ముగ్గురు పెద్ద వైద్యులు వచ్చి శిష్యులను పరీక్షించేవారు.

పరీక్ష పద్ధతి పాతది. సాలకు అడ్డంగా నల్ల కంబళి కడతారు. దాని మధ్యలో చిన్న చీలిక ఉంటుంది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పిలుచుకొచ్చిన మనుషులు అవతల కూర్చుని, ఒక్కొక్కరే ఆ చీలికలోంచి చెయ్యి మాత్రం ఇవతలికి చాపుతారు. ముఖం కనబడదు. మాట్లాడకూడదు. శిష్యుడు మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, ఆ ఒంట్లో పెరిగింది వాతమో, పిత్తమో, కఫమో చెప్పాలి. పెద్దలు ముందే చూసి పెట్టుకున్నదానితో ఆ మాట సరిపోతే ఇత్తడి గిన్నెలో గురివింద గింజ పడుతుంది. మొత్తం పది చేతులు. ఆరు గింజలు పడితే మందుల సంచి భుజానికి తగిలించి పంపుతారు. పడకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

కొమ్మనకు నాలుగు పడ్డాయి.

అది ఎవరూ అనుకోనిది. ఏడాది పొడుగునా మధ్యాహ్నాలు శిష్యులు తమలో తాము ఇదే పరీక్ష పెట్టుకునేవారు. కొందరు కంబళి అవతల కూర్చుని, వరస మార్చుకుంటూ చేతులు చాపేవారు. ఒకడు గిన్నె పట్టుకునేవాడు. అక్కడ కొమ్మనకు తొమ్మిదికి తగ్గిన రోజు లేదు. పదికి పది వచ్చిన రోజులే ఎక్కువ. వేళ్ళు ఆనీ ఆనకముందే జవాబు చెప్పేసేవాడు. మల్లన అనే శిష్యుడికి ఎగతాళి ఎక్కువ. మనం చేతులు గదిలో వదిలేసి వచ్చినా వీడు నాడి చెప్పేస్తాడు అనేవాడు.

ఆ అభ్యాసానికి పొద్దు చాలక కొమ్మన ఒక ఏర్పాటు చేసుకున్నాడు. మఠం వాకిట్లో తెల్లవారేసరికి రోగులు వచ్చి కూర్చునేవారు. వాళ్ళను చూడటం శిష్యుల వంతు. కొమ్మన తన వంతును బేతయ అనే సహాధ్యాయికి ఇచ్చేసి, బదులుగా బేతయ నూరాల్సిన మందులు తాను నూరేవాడు. నూరడం అయిపోగానే కంబళి ముందు కూర్చునేవాడు. బేతయ నిదానస్తుడు. అభ్యాసంలో అతనికి ఎప్పుడూ ఐదో ఆరో పడేవి.

పరీక్షలో అతనికి ఎనిమిది పడ్డాయి.

ఇంతటితో పోయేదైతే కొమ్మన ఎలాగో మింగేవాడు. కానీ అతని ఊరు తంగెడుపాడు నుంచి బండి వచ్చి మఠం ముందు ఆగి ఉంది.

అతని చిన్నప్పుడు ఆ ఊరిని జ్వరం పట్టింది. కొమ్మన తల్లీ తండ్రీ దానిలోనే పోయారు. మిగిలిన కొర్రలు ఊరంతా కలిసి మూట కట్టి, ఈ పిల్లవాడు వైద్యం నేర్చుకుని రావాలని మఠానికి పంపింది. ఈ వానల్లో మళ్ళీ ఆ జ్వరమే వచ్చింది. ఊరి పెద్ద మాచన బండి కట్టుకుని వచ్చాడు. కొమ్మన లేకుండా తిరిగి పోయే ఆలోచన అతనికి లేదు. మఠం ఒక ఊరికి ఒక వైద్యుణ్నే ఇస్తుంది. కొమ్మన వెళ్ళలేకపోతే బేతయ వెళ్తాడు. బేతయ అక్కడ కుదురుకున్నాక తంగెడుపాడుకు ఇంకొకరిని పంపే పని ఉండదు. కొమ్మన రేపెప్పుడో ఎవరి ఊరికో వెళ్ళాలి.

గిన్నెలో నాలుగు గింజలే ఉన్నాయని తెలిసిన రోజు మాచన ఏమీ అనలేదు. వెళ్ళి ఎద్దులకు గడ్డి వేశాడు. ఆ ఏమీ అనకపోవడమే కొమ్మనకు ఎక్కువగా తగిలింది.

సోమవారం పొద్దున కొమ్మన లేచి ముఖం కడుక్కుని గురువు దగ్గరికి వెళ్ళాడు. రేవణయ్య అరుగు మీద కూర్చుని తిప్పతీగ ముక్కలు కోస్తున్నాడు. కొమ్మన గొంతు పెంచకుండా మాట్లాడాలనుకునే వచ్చాడు. మూడో మాటకే పెరిగింది.

మనిషి ఏడాది కష్టాన్ని ఒక పూటలో తేల్చెయ్యడం పెద్దలకు ఎప్పుడూ తేలికేనన్నాడు. పరీక్ష పెట్టేవాళ్ళకు పరీక్ష ఎవరు పెడతారని అడిగాడు. కొలత చేతిలో ఉన్నవాడు తనకు నచ్చినంతే కొలుస్తాడన్నాడు. జ్ఞానం గింజల్లో ఇమడదన్నాడు. వైద్యం ప్రజల సొత్తు, దానికి కంబళి కట్టే హక్కు ఏ మఠానికీ లేదన్నాడు. ఆ ముగ్గురూ తాంబూలం నములుతూ మధ్యమధ్యలో వాళ్ళ మఠాల పొలాల గురించి మాట్లాడుకున్నారనీ, ఆరో చెయ్యి దగ్గర ఒకాయన అసలు ఇటు చూడనే లేదనీ చెప్పాడు. ఇందులో కొన్ని నిజాలు. కొన్ని మఠానికి వచ్చిపోయే వాదనాపరుల నోట విన్న మాటలు. కొన్ని తాటాకుల్లో చదివినవి. అన్నిటినీ ఒకే కోపంతో చెప్పాడు.

రేవణయ్య కత్తి ఆపకుండా విన్నాడు.

"కొలత చేతిలో ఉన్నవాడి మాట బాగుంది. ఎవరన్నారు?"

కొమ్మన ఎవరన్నారో చెప్పాడు.

"బాగా అన్నాడు" అన్నాడు రేవణయ్య. తనను పరీక్షించిన ముసలాయనకు మూడు చేతులు దాటాక నిద్ర పట్టేసిందనీ, మిగతా గింజలు పక్కన కూర్చున్నాయన తన ఇష్టానికి వేశాడనీ చెప్పాడు. "పరీక్ష అన్యాయంగానే ఉంటుంది. అది సరే. ఇప్పుడు నీకేం కావాలి?"

కొమ్మన తనకు కావలసింది చెప్పాడు. ఒక్క రోజు జరిగినదాన్ని కాదు, ఏడాది జరిగినదాన్ని చూడమన్నాడు. మధ్యాహ్నాలు గిన్నె పట్టుకున్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు, వాళ్ళను అడగమన్నాడు. గురువు ఒక్క మాటంటే సంచి ఇవ్వడానికి ఎవరూ అడ్డు చెప్పరు. తన ఊళ్ళో జనం జ్వరంతో పడి ఉన్నారు. వాళ్ళు తన జనం.

"అయితే ఆ మధ్యాహ్నాల లెక్కే తీసుకోమంటావు."

"అవునయ్యా."

"సరే. అదే తీసుకుందాం. కంబళి కట్టించు."

కొమ్మన ముఖంలోకి పరీక్ష తర్వాత మొదటిసారి కళ వచ్చింది.

సాలలో మళ్ళీ కంబళి కట్టారు. రేవణయ్య శిష్యులను అవతలికి పంపి, తాను ఇత్తడి గిన్నె తీసుకుని కొమ్మన పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో గింజలు పోసుకున్నాడు. చీలికలోంచి మొదటి చెయ్యి వచ్చింది. కొమ్మన వేళ్ళు చాపాడు.

"ముట్టుకోకు" అన్నాడు గురువు. "ఎవరిదో చెప్పు."

కొమ్మన ఆయన వైపు చూశాడు. ఇందులో ఏముందో అతనికి అర్థం కాలేదు. మణికట్టు పక్కన కషాయం ఒలికి కాలిన మచ్చ ఉంది.

"బేతయ."

గిన్నెలో గింజ పడింది.

తర్వాతి చెయ్యి చూడాల్సిన పని కూడా లేదు. గోళ్ళు చివరిదాకా కొరికి ఉన్నాయి. కొమ్మన మల్లన పేరు చెప్పాడు. ఇవాళ ఒక్కటీ కొరకలేదురా అని అవతల నుంచి మల్లన గొణిగాడు. ఎవరో నవ్వారు. గింజ పడింది.

మూడో చెయ్యి సన్నగా, వేళ్ళ మధ్య పసుపుతో ఉంది. సూరన అన్నాడు కొమ్మన. గింజ పడింది. ఆ చెయ్యి వెనక్కు పోబోతుంటే రేవణయ్య ఉండమన్నాడు.

"వీడి నాడి ఏం చెప్తుంది?"

"వాతం" అన్నాడు కొమ్మన వెంటనే. "సోమవారం కదా, పొద్దున్నుంచీ ఏమీ తినడు."

గురువు ఇంకో గింజ వేశాడు. అది గిన్నె అంచుకు తగిలి, కాస్త తిరిగి, మిగతా వాటి పక్కన ఆగింది.

కొమ్మన తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఒళ్ళోనే ఉన్నాయి. సూరనను ముట్టుకోనే లేదు.

తర్వాత వచ్చిన చేతికి జవాబు చెప్పడానికి అతనికి కొంచెం సమయం పట్టింది. చెయ్యి తెలియక కాదు. ఆ శిష్యుడు వారంగా దగ్గుతున్నాడు. రాత్రి పక్క చాపలో పడుకుని దగ్గుతుంటే కొమ్మనే కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చాడు. "కఫం" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. గింజ పడింది. మళ్ళీ బేతయ. మళ్ళీ మల్లన. వాళ్ళు వరస మార్చుకుంటూ, తెలియకుండా ఉండాలని ఒకడు చేతికి బూడిద పూసుకుని, ఇంకొకడు ఎడమ చెయ్యి పెట్టి చూశారు. కొమ్మన అన్నీ చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. ప్రతిసారీ గిన్నె మోగింది. ఇన్నాళ్ళూ అతనికి చాలా ఇష్టమైన చప్పుడు అది. ఇప్పుడు అది ఎప్పుడు ఆగుతుందా అని ఎదురు చూస్తున్నాడు.

తొమ్మిది గింజలు పడ్డాక గురువు కంబళి పక్కనుంచి అవతలికి ఏదో సైగ చేశాడు.

కాసేపు ఎవరూ చెయ్యి చాపలేదు. అడుగుల చప్పుడు. ఎవరో కష్టపడి నేల మీద కూర్చున్నారు. చీలికలోంచి ఓ చెయ్యి వచ్చింది. నల్లటి చెయ్యి. అరచేతి నిండా పగుళ్ళు. బొటనవేలి గోరు ఎప్పుడో ఊడి వంకరగా మొలిచింది.

"ఎవరిది?"

కొమ్మన ముందుకు వంగి చూశాడు. కింది నుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు.

"తెలియదయ్యా."

రేవణయ్య ఒళ్ళోని గింజలన్నీ గిన్నెలో పోసేసి, గిన్నె పక్కకు జరిపాడు.

"ఇప్పుడు ముట్టుకో."

కొమ్మన మూడు వేళ్ళు ఆనించాడు. ఆనించగానే అలవాటు కొద్దీ జవాబు నాలుక మీదికి వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందా అని చూసుకున్నాడు. ఎక్కడి నుంచీ రాలేదు. పరీక్ష రోజు ఆరుసార్లు ఇలాంటి జవాబే చెప్పాడు. ఈసారి చెప్పలేదు. వేళ్ళ కింద నెత్తురు తన దారిన తాను కొట్టుకుంటోంది. అతను కళ్ళు మూసుకున్నాడు.

అవతలి మనిషికి ఈ పద్ధతులు తెలియవు. ఊరుకోలేకపోయాడు.

"చేతులు ఇంత చల్లగా ఉన్నాయేం నాయనా? అన్నం తినలేదా?"

మాచన గొంతు.

కొమ్మన కళ్ళు తెరిచి ఆ చెయ్యి వైపు చూశాడు. ఆ ఊరి కొర్రల మూట ఎత్తి బండిలో పెట్టిన చేతుల్లో ఇదీ ఒకటి అయి ఉండాలి. అతనికి గుర్తు లేదు.

"లేదు పెదనాన్నా" అన్నాడు.

"తినాలయ్యా. ఇంటికి పోయాక మాకు తినమని నువ్వు చెప్పాలి గానీ." మాచన కొంచెం ఆగి, ఎవరిని అడగాలో తెలియనట్టు, ఎద్దులకు నీళ్ళు పెట్టడం అయిందనీ, ఇప్పుడు బయలుదేరితే చీకటి పడేలోపు వాగు దాటొచ్చనీ అన్నాడు. "బండి కట్టమంటారా?"

కంబళి పక్కనుంచి అందరూ గురువు వైపు తొంగి చూశారు. రేవణయ్య తిప్పతీగ పసరు అంటిన వేళ్ళు పంచెకు తుడుచుకుంటున్నాడు.

కొమ్మనే అన్నాడు.

"కట్టు పెదనాన్నా. బేతయను తీసుకెళ్ళు."

కంబళి అవతల బేతయ ఏదో అనబోయి ఆగిపోయాడు. ఊరు ఇన్నేళ్ళు ఎదురు చూసింది బేతయ కోసం కాదని అందరికీ తెలుసు.

"మంచోడేనా?" అని అడిగాడు మాచన.

"నాకంటే మంచోడు. జ్వరం వచ్చినవాళ్ళ దగ్గర కూర్చోవడం తెలుసు."

"మరి నువ్వు?"

మాచన నిట్టూర్చి, ఇక లేవాలని చెయ్యి వెనక్కు తీసుకోబోయాడు. కొమ్మన వదల్లేదు.

"ఉండు పెదనాన్నా. ఇంకా చూడలేదు."

ఉంగరపు వేలి కింద ఏదో ఉంది. నాలుగు దెబ్బలు సరిగ్గా వచ్చి, ఐదోది కాస్త వెనకబడి వస్తోంది. వెనకబడుతోందా, తన వేలే వణుకుతోందా? అతను వేలు కొంచెం తేలిక చేశాడు. మళ్ళీ ఆనించాడు. ఎడమ చేత్తో కంబళి అంచు పక్కకు తొలగించి, రాత్రి నిద్ర పట్టిందా అని మాచనను అడిగాడు.

భోజనాల గంట మోగింది. శిష్యులు కదలాలో వద్దో తెలియక నిలబడ్డారు. రేవణయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"మీరు వెళ్ళి తినండి" అన్నాడు వాళ్ళతో. "వాడికి ఆలస్యమవుతుంది."