జోడుమడి మందిరానికి తాటాకు కప్పు

1926వ సంవత్సరం మే నెల ఒకటవ తేదీ, శనివారం, సాయంత్రం నాలుగున్నర గంటలు. కొఠారుపాలెం ఉప్పుమడుల గట్టు మీద నిలబడి సువార్తమ్మ అనే ఇల్లాలు తన తోడికోడలికి ఒక మాట చెప్పిన వేళ అది. ఆ ఇంటి బైబిలు మొదటి పుటలో, పెళ్లిళ్ల తేదీలకూ పురుళ్ల తేదీలకూ నడుమ, ఆ రోజునూ ఆ గంటనూ రాసి ఉంచారు. జోడుమడి మందిరం పుట్టిన వేళగా విశ్వాసులు దానినే చెప్పుకుంటారు.

మందిరం చిన్నది. సముద్రానికి కోసెడు దూరంలో, ఉప్పుమడుల మధ్య ఎత్తయిన దిబ్బ మీద ఉంది. గోడలు రాతివి, నేల నాపరాయి, ప్రభువు బల్ల వెనుక తుమ్మకొయ్య సిలువ ఒకటి. ఇంత గట్టి గోడల మీద కప్పు మాత్రం తాటాకుది. చూడవచ్చిన వారు ముందుగా అడిగేది దాని గురించే. పెంకు వేయిస్తామని ముందుకు వచ్చిన వారు లేకపోలేదు. పెద్దలు వారిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఈ కథ చెప్పి పంపుతారు.

పూర్వం ఇక్కడ మందిరం లేదు. ఆదివారం ఆరాధన ఊరి బడిపాకలోనే జరిగేది. ఈ దిబ్బ పక్కన ఉత్తరాన ఒక మడి, దానికి దక్షిణాన ఇంకో మడి, రెంటికీ నడుమ మోకాలెత్తు గట్టు ఉండేవి. ఉత్తరపు మడి ప్రకాశానిది, దక్షిణపు మడి అతని తమ్ముడు యోబుది. ప్రకాశం భార్య సువార్తమ్మ, యోబు భార్య దీనమ్మ. అత్తగారు లేయమ్మతో కలిసి అందరూ ఒకే కప్పు కింద ఉండేవారు. మడులు వేరైనా పొయ్యి ఒక్కటే.

మడిలో ఉప్పు తేలాక లాగి గట్టున రాశి పోస్తారు. పక్కనే తాటాకు కట్టలు ఉంచుకుంటారు, ఎందుకంటే ఒక్క వాన చాలు, నెలల కష్టం నీళ్లపాలు కావడానికి. ఉప్పు పనివారికి ఒక కట్టడి ఉంది. మబ్బు పట్టిందంటే, మడి దగ్గర లేనివారి రాశి ముందు కప్పాలి, తన రాశి చివర కప్పుకోవాలి. ఎవరూ రాసిపెట్టింది కాదు. తప్పినవారి పక్కన మాత్రం ఎవరూ కూర్చుని గంజి తాగరు.

1923 వేసవిలో ఆ వాన రానే వచ్చింది. అన్నదమ్ములిద్దరూ సంతకు పోయారు. దీనమ్మ పురుడు పోసుకుని పదిరోజుల బాలింత. మడుల దగ్గర సువార్తమ్మ ఒక్కతే ఉంది. తూర్పున నల్లగా మబ్బు లేచేసరికి ఆమె తన కట్టలు విప్పి చూసుకుంది. ఆ ఏడు మారుద్దాం మారుద్దామంటూ వదిలేసిన ఆకు, చివికి చేతిలోనే పొడి అయింది. దీనమ్మ కట్టలు మాత్రం కొత్తవి, పచ్చివాసన ఇంకా పోలేదు. సువార్తమ్మ గట్టు దాటింది. ఆ కట్టలు తెచ్చి తన రాశి కప్పింది. తిరిగి వెళ్లి చూసేసరికి దీనమ్మ రాశి తెల్లని నీరై కాలువలోకి జారిపోతోంది.

తడిసి ముద్దయి ఇంటికి చేరిన ఆమెను ఏమైందని అందరూ అడిగారు. "ముందు దీన రాశే కప్పబోయాను. గాలి ఆకు ఎత్తుకుపోయింది" అంది సువార్తమ్మ. తాటి మట్టల పంటికి ఆమె అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. దీనమ్మ బాలింత మంచం మీద నుంచి లేచి వచ్చి, ఆ చేతులకు ఆముదం రాసింది. "పోతే పోయింది లేక్కా, నువ్వు దక్కావు" అంది.

ఏడాది తిండి ఆ రాశితో పోయింది. యోబు రంగూను బియ్యం మిల్లులో పనికి ఓడెక్కాడు. ఎక్కబోయే ముందు వదిన కాళ్లకు దణ్ణం పెట్టి, నా వాళ్లను నీ చేతుల్లో పెట్టి పోతున్నానన్నాడు.

ఆనాటి నుంచి సువార్తమ్మకు కంటి మీద కునుకు లేదు. శుక్రవారాలు ఉపవాసం ఉంది. బడిపాక ఊడ్చింది, అలికింది. ప్రార్థనలో అందరికంటే చివర లేచింది. నలుగురిలో దీనమ్మ, "మా అక్క నా కోసం చేతులు కోసుకుంది" అన్నప్పుడల్లా ఆమె అక్కడి నుంచి లేచిపోయేది. కొన్నాళ్లకు, నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి వెళ్లడం మానుకుంది. నెలనెలా మొదటి ఆదివారం తలనొప్పి అని మంచం ఎక్కేది.

లేయమ్మ ఊరుకునే మనిషి కాదు. "నీ తలకు ఎవరు చెబుతారే మొదటి ఆదివారం వచ్చిందని? మాకే లెక్క తప్పుతోంది, దానికి తప్పడం లేదు" అనేది.

"పోనీలే అత్తా, పడుకోనీ. అక్క ఒంట్లో ఏముంది, ఎముకలు తప్ప" అని దీనమ్మ కోడిగుడ్డు ఉడకబెట్టి తెచ్చి పెట్టేది. సువార్తమ్మ దాన్ని గోడ వైపు తిరిగి తినేది.

మూడేళ్లు ఇలా గడిచాయి. 1926 మే ఒకటిన, మర్నాటి బల్ల ఆరాధనకు ఆయత్తపరచడానికి ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ నవోమమ్మ పాలెం వచ్చింది. బలిపీఠం దాకా కానుక తెచ్చినవాడికి తన సహోదరుడితో చిక్కు ఉందని గుర్తుకొస్తే కానుక అక్కడే విడిచి వెళ్లమన్న ప్రభువు మాటను చదివి వివరించింది. తర్వాత సువార్తమ్మ దగ్గరగా కూర్చుని, "నువ్వు శాంతి కోసం దేవుణ్ణి చాలా అడుగుతావమ్మా. ఆయన నిన్నేమన్నా అడుగుతున్నాడేమో ఎప్పుడన్నా విన్నావా?" అంది. అంతకు మించి గుచ్చలేదు.

ఆ మధ్యాహ్నం పాకలో నడుం వాల్చిన సువార్తమ్మకు కల వచ్చింది. హోరున వాన. ఉప్పునీటికి పగిలిన పాదాలతో, ముతక పంచెతో ఒక మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతుల నిండా పచ్చి తాటాకు. "ఈ ఆకు ఎవరిదమ్మా?" అని అడిగాడు. నాదే అంది. కోపగించుకోకుండా మళ్లీ అదే అడిగాడు. మళ్లీ నాదే అంది. మూడోసారి అడిగితే ఆమె నాదే అనలేక తన అరచేతుల వైపు చూసుకుంది. అప్పుడాయన ఆ మోపు ఆమె చేతుల్లో పెట్టి, "బరువుగా ఉంది కదూ. ఎవరిదో వారికి ఇచ్చి రా. నీ రాశి దగ్గర నేనుంటాను" అన్నాడు.

లేచి చూస్తే వాన లేదు, మబ్బు లేదు. ఎండ కాస్తోంది. ఆమె ముఖం కడుక్కుని మడి వైపు నడిచింది.

దీనమ్మ పొడవాటి కర్రకు బిగించిన చెక్కతో మడిలో ఉప్పు లాగుతోంది. సువార్తమ్మ గట్టు మీదే ఆగిపోయింది.

"దీనా, నీ ఆకు గాలికి పోలేదు."

"ఏ ఆకక్కా?"

"మూడేళ్ల కిందటిది. వాన రోజుది."

దీనమ్మ చేతిలోని చెక్క ఆపలేదు. "గాలికి పోకపోతే ఎట్ట పోయింది, కాళ్లొచ్చినాయా?" అని నవ్వింది.

"నేనే తీశాను. నా ఆకు చివికిపోయింది. నీది తెచ్చి నా రాశి కప్పుకున్నాను. ఆనక గాలి మీద పెట్టి చెప్పాను."

చెక్క ఆగింది. దీనమ్మ అడిగింది. "నీ చేతులకు ఆముదం రాశాను గదా. ఆ చేతులు కోసుకుంది నా ఆకుతోనేనా?"

"నీ ఆకుతోనే."

"ఆయన ఓడెక్కేముందు నీ కాళ్లకు దణ్ణం పెట్టినాడు. నువ్వు కాళ్లు వెనక్కి తీసుకోలేదు."

"తీసుకోలేదు."

దీనమ్మ చెక్కను గట్టున పెట్టి, ఆమెను దాటుకుని ఇంటికి వెళ్లిపోయింది. సువార్తమ్మ వెనకే వచ్చి, గడపలో నిలబడి అత్తగారికీ భర్తకూ అదే మాట చెప్పింది. ప్రకాశం పెరట్లోకి వెళ్లి అక్కడే కూర్చుండిపోయాడు. దీనమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని అటు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు.

సువార్తమ్మ గంజి దించింది. పిల్లలకు పెట్టి, తానూ తాగింది. మూడేళ్ల తర్వాత ఆ పూటే గంజిలో ఉప్పు రుచి తెలిసిందని ఆమె మనవరాళ్లతో చెబుతుండేది. "దీన క్షమించినందువల్ల వచ్చిన శాంతి అయితే, దీన అలిగిన నాడల్లా పోవాలి గదమ్మా. అది దీన నోరు తెరవకముందే వచ్చింది. ఇచ్చినాయన వేరు" అనేది. ముసలితనంలో కళ్లు పోయినా, మంచాన పడినా, ఆ శాంతి తనను విడవలేదని కూడా చెప్పేది.

కొన్నేళ్లకు యోబు రంగూను నుంచి తిరిగి వచ్చాడు. అన్నదమ్ములు ఈ దిబ్బ మీద నాలుగు గుంజలు పాతి, తాటాకు కప్పి, ప్రార్థన మొదలుపెట్టారు. రాతి గోడలు తరువాతి తరం వారు కట్టించినవి. కప్పు మాత్రం మార్చవద్దని సువార్తమ్మ చెప్పి పోయింది.

నేటికీ మే నెల మొదటి శనివారం సాయంత్రం నాలుగున్నరకు ఇక్కడ గంట కొడతారు. ఎవరికైనా అన్యాయం చేసినవారు ఒక పచ్చి తాటాకు తెచ్చి, ఆ మనిషికి ఎదురుగా నిలబడి, చేసింది చేసినట్టు చెబుతారు. విన్నవారు ఆ ఆకు అందుకుని కప్పు మీదికి అందిస్తే, అది కప్పులో కలుస్తుంది. అందుకోకపోతే దాన్ని గోడకు ఆనించి మరుసటి ఏటి దాకా ఉంచుతారు, పారవేయరు. ఇక్కడికి వస్తే పంటలు పండుతాయనీ రోగాలు పోతాయనీ ఎవరూ చెప్పరు. నిద్ర పడుతుందని చెబుతారు. లోకం ఇవ్వలేని శాంతిని ప్రభువు ఇస్తాడని, ఇచ్చింది తిరిగి తీసుకోడని చెబుతారు.

ఆకు తెచ్చినవారిలో చాలామంది అడిగేది ఒకటుంది. మనం చెప్పుకున్నంత మాత్రాన అవతలివారి మనసు కరుగుతుందా అని. దానికి బదులుగా ఇక్కడివారు ఆ ఇంట మర్నాటి ఉదయం జరిగింది చెబుతారు.

ఆదివారం తెల్లవారేసరికి దీనమ్మ పక్క ఖాళీగా ఉంది. లేయమ్మ, ప్రకాశం, సువార్తమ్మ ముగ్గురూ కంగారుగా మడుల దగ్గరికి వచ్చారు. దీనమ్మ పార పట్టుకుని రెండు మడుల నడుమ గట్టు తవ్వుతోంది.

ఆదివారం పనిముట్టు ముట్టని ఇల్లు అది. "బల్ల ఆరాధన పెట్టుకుని పార పట్టావేందే?" అంది లేయమ్మ.

"మళ్లీ వానొస్తే, ఏది ఎవరి రాశో చూసుకునే పని ఉండకూడదత్తా" అంది దీనమ్మ. ఆ తర్వాత తల ఎత్తకుండానే, "నిలబడి చూస్తావేందక్కా, ఆ కొస నుంచి తవ్వు. నాకింకా కోపం పోలేదు. పోయిన రోజున చెబుతాలే" అంది.

"సరే" అని సువార్తమ్మ చీర ఎగ్గట్టి మడిలోకి దిగింది.

లేయమ్మ కాసేపు గొణిగి, తానూ మట్టి పెళ్లలు ఎత్తిపోసింది. నలుగురూ కలిసి గట్టు పడగొట్టారు. నీళ్లు ఒకటయ్యేసరికి బడిపాకలో గంట మోగింది. స్నానానికి పొద్దు లేదు. మోకాళ్ల దాకా బురదతోనే వెళ్లి ఆరాధనలో కూర్చున్నారు. పాస్టరయ్య రొట్టె విరిచి అందిస్తే సువార్తమ్మ చేయి చాచింది. ఆమె పక్కనే దీనమ్మ మోకరించి ఉంది. ఆరాధన ముగిశాక నలుగురూ ఇంటికి వచ్చి, ఒకే కుండలో గంజి పోసుకు తాగి, అప్పుడు కాళ్లు కడుక్కున్నారు.