చిల్లు గిన్నె పెట్టిన చోటు

ఒక కొండ మీద కోట ఉండేది. ఆ కోట నుంచి వెళ్లే ప్రతి ఉత్తరమూ గుప్తలిపిలోనే వెళ్లాలి. దారిలో శత్రువుకు చిక్కినా ఒక్క ముక్క అర్థం కాకూడదు. ఆ పని ఒక లేఖకుడు చేసేవాడు. ముప్ఫై ఏళ్లుగా చేసి చేసి ఆ లిపి అతని వేళ్లకే పట్టుబడిపోయింది. రాజు నోట మాట వస్తుండగానే, కలం ఎత్తకుండా దాన్ని గుప్తంగా రాసేసేవాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మంత్రి దూరదేశం నుంచి ఒక యంత్రం తెప్పించాడు. దానికి పళ్ల చక్రాలు, చక్రాల మీద అక్షరాలు. తిరగడానికి నీటి వడి కావాలి కాబట్టి దాన్ని కొండ కింద వాగు ఒడ్డున పెట్టించాడు. కోట నుంచి అక్కడికి మూడు వందల మెట్లు.

పరీక్ష చూడడానికి రాజు, పరివారమంతా వాగు దగ్గరికి దిగారు. మంత్రి యంత్రం పక్కనే నీళ్ల తొట్టి పెట్టించి, అందులో చిల్లు గిన్నె వేయించాడు. గిన్నె మునిగితే ఒక గడియ అయినట్టు. వంద పెద్ద ఉత్తరాల కట్ట యంత్రానికి ఇస్తే గిన్నె సగం మునిగేలోపే అయిపోయింది. అదే కట్ట లేఖకుడికి ఇస్తే పొద్దు గూకింది. అందులో మోసమేమీ లేదు, యంత్రం నిజంగానే గెలిచింది. ఇకమీదట ప్రతి ఉత్తరం యంత్రానికే వెళ్లాలని, యంత్రం చెడితేనే లేఖకుడు చెయ్యి పెట్టాలని మంత్రి ఒక పలక మీద రాయించి గోడకు తగిలించాడు.

అయితే వంద ఉత్తరాల కట్ట ఏడాదికి ఏ రెండుసార్లో వస్తుంది. రోజూ వెళ్లేవి రెండేసి వరసల చీటీలు. చీటీ చిన్నదైనా మెట్లు దిగాలి, తన వంతు కోసం ఆగాలి. ఊరికో గుప్తం కాబట్టి యంత్రం కాపరి ప్రతి చీటీకీ చక్రాలు విప్పి మళ్లీ బిగించాలి. ఆ తర్వాత చీటీ మెట్లెక్కి రావాలి.

ఒకరోజు లేఖకుడు మంత్రి ముందు నిలబడి, చిన్న చీటీలు మాత్రం తాను ఇక్కడే రాసేస్తానని వినయంగా అడిగాడు.

"ఉద్యోగం ఊడుతుందని బెంగా?" అన్నాడు మంత్రి.

పక్కనున్నవాళ్లు నవ్వారు. లేఖకుడు తల వంచుకుని వెళ్లి తన చోట కూర్చున్నాడు.

ఆ మాట అన్నవాడికే గుచ్చుకుంది. మర్నాడు మంత్రి ఆ గిన్నెను వాగు దగ్గర కాకుండా తన గది కిటికీలో పెట్టుకుని, ఒక చీటీ కిందికి పంపాడు. చీటీ తిరిగి వచ్చేసరికి గిన్నె మూడుసార్లు మునిగింది. మంత్రి గిన్నెను తుడిచి, పెట్టెలో దాచి, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. రాజు ముందు అన్ని గొప్పలు పోయినవాడు ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

వానలు వెనకబట్టాక, ఒక మధ్యాహ్నం, బురుజు మీది కాపలావాడు ఏటి అవతల దోపిడీ దండు కదలడం చూశాడు. ఇవతల రేవు ఠాణాలో ఉన్నది తొమ్మిదిమంది. దండు ఏరు దాటడానికి మూడు గడియలు పడుతుంది, కోట గుర్రం ఠాణా చేరడానికి ఒక్కటి చాలు. ఠాణా వదిలి వెంటనే కోటకు రమ్మని రాజు రెండు వరసలు చెప్పాడు. గుప్తలిపిలో లేని ఆజ్ఞను ఠాణావాళ్లు నమ్మరు. అది వాళ్లకు నేర్పిన కట్టడి.

రౌతు కళ్లెం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. కింద యంత్రంలో రాజుగారి బిరుదావళి కట్ట తిరుగుతోంది. లేఖకుడు కలం సిరాలో ముంచి మంత్రి వైపు చూశాడు. నోరు తెరిచి అడగలేదు, చూశాడంతే. చుట్టూ అందరూ ఉన్నారు. ఊ అంటే పలక మీద రాయించింది తప్పని ఒప్పుకున్నట్టే. మంత్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"కిందికి పంపండి" అన్నాడు.

రౌతు ఠాణా చేరేసరికి కప్పు కాలి కూలిపోయి ఉంది. తొమ్మిదిమందిలో ఒక్కడూ మిగల్లేదు.

సభలో రాజు రౌతును నిలదీశాడు. తాను దారిలో ఎక్కడా ఆగలేదని రౌతు ఎంత చెప్పినా వినకుండా, గుర్రం లాక్కుని గడ్డి కోసే పనిలో వేశాడు. మంత్రి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. అంతా వింటూ నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోయానని జనం తేలిగ్గా అంటూంటారు. ఆ రోజు మంత్రికి చావే నయమనిపించింది. ఇంటికి వెళ్లి విస్తరి ముందు కూర్చుని, ముద్ద ఎత్తలేక లేచిపోయాడు.

మూడో రోజు రాజు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాడు. గిన్నెను రెండోసారి ఎక్కడ పెట్టాడో కూడా చెప్పాడు. రాజు రౌతుకు గుర్రం తిరిగి ఇప్పిస్తానన్నాడు గానీ, యంత్రం పేరు వింటేనే పొరుగు రాజులు జంకుతున్నారు కాబట్టి ఈ సంగతి కోట దాటకూడదన్నాడు. మంత్రి దండం పెట్టి బయటికి వచ్చాడు. గోడ మీది పలక తీసేసి, కోట గుమ్మం దాటి, రేవు ఊరికి కాలినడకన వెళ్లాడు.

చనిపోయిన ఠాణా అధికారి భార్య వాకిట్లో కూర్చుని ఉంది. మంత్రి ఆమె ఎదుట నేల మీదే కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పాడు. రౌతు తప్పేమీ లేదన్నాడు. లేఖకుడు కలం ముంచి తన వైపు చూశాడని, తాను మొహం తిప్పుకున్నానని చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా చివరిదాకా వింది.

"ఆ రాసే పెద్దాయన చేత్తో రాసుంటే ఎంతసేపు పట్టేదయ్యా?" అంది.

మంత్రి తల ఎత్తలేకపోయాడు.

"ఇప్పుడీ మాట అడిగావే తల్లీ, అంతసేపు."